పెద్దలిఫ్టు వాఙ్మూలం

"ఈ క్షణం నుంచి ఒకే పనికి రెండు జీతాలు ఉండవు. ఎక్కడైనా ఉన్నాయని తెలిస్తే వచ్చి నా చొక్కా పట్టుకుని అడగండి!"

కార్మిక శాఖ మంత్రిగారు నాలుగో అంతస్తు మీటింగ్ హాల్లో మైకుల గుత్తి ముందు నిలబడి, బల్ల గుద్ది మరీ ఈ ప్రకటన చేశారు. ఆ దెబ్బకి బల్ల మీది మంచినీళ్ల గ్లాసు దొర్లి, పక్కన కూర్చున్న కార్యదర్శిగారి ఒళ్లో ఒలికింది. ఆయన కదల్లేదు. చరిత్ర జరుగుతున్నప్పుడు లేచి ప్యాంటు దులుపుకోవడం సంస్కారం కాదు గనక, తడిసిన ఒడితోనే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

మంత్రిగారి చొక్కా పట్టుకునే సాహసం ఎవరూ చెయ్యలేదు. వెనక వరసలోంచి ఒక విలేకరి మాత్రం చెయ్యెత్తాడు. ఆ పొద్దున అతను చిన్న లిఫ్టులో వస్తుంటే అది రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. ఎదురుగా సిమెంటు గోడ తప్ప చూడ్డానికి ఏమీ లేక, లిఫ్టు నడిపే అతనితో కష్టసుఖాలు మాట్లాడుకున్నాడు.

"సార్, ఈ బిల్డింగులోనే రెండు లిఫ్టులున్నాయి. రెండింటికీ ఇద్దరు ఆపరేటర్లు. పెద్ద లిఫ్టాయనకి వచ్చే జీతంలో మూడో వంతు చిన్న లిఫ్టతనికి వస్తుందట. ఇద్దరూ నొక్కేది అవే బటన్లు కదా సార్?"

మంత్రిగారికి కోపం రాలేదు. అంతటి వాళ్లకి కోపం రాదు, కమిషన్ వస్తుంది.

"చాలా మంచి ప్రశ్న. నా ఇంట్లోంచే మొదలుపెడతాను. ఆ రెండు లిఫ్టుల మీద ఇప్పుడే, ఇక్కడే, కమిషన్ వేస్తున్నాను. తేడా ఎందుకుందో తేలుద్దాం. తేలాక తేడా ఉండదు!"

మళ్లీ బల్ల గుద్దబోయారు గానీ, కార్యదర్శిగారు గ్లాసు ముందే తీసేశారు.

తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఇదంతా వింటున్న పెద్దలిఫ్టు గుండెల్లో రాయి పడింది.

పెద్దలిఫ్టు అంటే మనిషే. ఆ భవనంలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. పెద్ద లిఫ్టు నడుపుతాడు గనక పెద్దలిఫ్టు. చిన్న లిఫ్టు నడిపే చిన్నలిఫ్టు ఆయనకి స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. నిజానికి ఆ రెండు లిఫ్టులూ ఒకే కంపెనీ తయారుచేసినవి, ఒకేసారి బిగించినవి. రెండింట్లోనూ 'ఎనిమిది మంది' అని ఒకే రకం రేకు కొట్టి ఉంటుంది. కాకపోతే మంత్రిగారు ఎక్కేదానిలో ఎర్ర తివాచీ పరిచి, వెనక గోడకి నిలువుటద్దం బిగించి, చుట్టూ చెక్క పట్టీ కొట్టారు. ఆ చెక్కా అద్దమూ పోను, పెద్ద లిఫ్టు చిన్నదానికంటే జానెడు చిన్నది. ఈ సంగతి ఎవరూ కొలిచి చూడలేదు. గౌరవమనేది కొలతబద్దతో చూసేది కాదు.

పెద్దలిఫ్టు చేరిన రోజుల్లో పర్మనెంటుగా తీసుకునేవాళ్లు. బావమరిది వచ్చేసరికి ఆ తలుపు వేసేసి, పక్కన కాంట్రాక్టరు కిటికీ తెరిచారు. అంతకుమించి ఏమీ లేదు. కానీ ఏళ్ల తరబడి అద్దం ముందు కూర్చున్న మనిషికి అంతకుమించి ఏదో ఉందని అనిపించడం సహజం. తన జీతం తన ప్రతిభకి వస్తోందని పెద్దలిఫ్టు గట్టి నమ్మకం. ఏ ప్రతిభ అని ఎవరూ అడగలేదు గనక ఆ నమ్మకానికి ఇన్నాళ్లూ ఏ లోటూ రాలేదు.

మంత్రిగారు రోజూ పొద్దున లిఫ్టెక్కి "ఏమయ్యా, ఎలా ఉంది?" అంటారు. పెద్దలిఫ్టు "మీ దయ సార్" అంటాడు. నాలుగో అంతస్తు వస్తుంది. ఆ తర్వాత మంత్రిగారు భోజనానికి దిగేదాకా పెద్దలిఫ్టు మెత్త వేసిన స్టూలు మీద కూర్చుని, గడ్డం గుండెకి ఆనించి, ప్రజాసేవలో నిమగ్నమవుతాడు. ఆ నిమగ్నతలో ఒక్కోసారి గురక కూడా వస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏవండీ, కమిషన్ వేశారటగా!"

"వేస్తే?"

"వేస్తే ఏమిటి? మిమ్మల్నే గదా ముందు పిలుస్తారు. ఇద్దరిదీ ఒకే పని అని ఒక్క ముక్క చెప్పండి. తమ్ముడి జీతం పెరుగుతుంది. వాడు వేరే ఇల్లు అద్దెకి తీసుకుంటాడు. మన ముందు గది మనకొస్తుంది."

ఈ ముందు గది గురించి చెప్పాలి. వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. బావమరిదీ, అతని భార్యా, కూతురూ ముందు గదిలో ఉంటారు. కొన్నాళ్లకి అని వచ్చి కొన్నేళ్లు అయింది. పెద్దలిఫ్టు రోజూ బావమరిది మంచం దాటుకుని, అతని భార్య కుట్టుమిషను తప్పించుకుని, మేనకోడలి పుస్తకాలు తొక్కకుండా తన గదిలోకి వెళ్లాలి. మంత్రిగారిని నాలుగో అంతస్తుకి చేర్చడం కంటే అదే కష్టం.

"ఒకే పనా?" అన్నాడు పెద్దలిఫ్టు, మంచం దాటుతూ.

"మరి కాదా? మీరూ బటనే నొక్కుతారు, వాడూ బటనే నొక్కుతాడు."

కట్టుకున్న భార్యే ఇంత మాట అనేసింది. ఆయనకి అన్నం సహించలేదు. అయినా ముందు గది గుర్తొచ్చి, "సరే, చెప్తాలే" అన్నాడు.

కమిషన్‌లో ముగ్గురు సభ్యులు. అధ్యక్షుడు అర్థశాస్త్రం ప్రొఫెసర్. రెండో సభ్యుడు మన తడిసిన కార్యదర్శిగారు. మూడో సభ్యుడు పరిశ్రమ తరఫు ప్రతినిధి, అంటే బావమరిదికి జీతమిచ్చే కాంట్రాక్టరే. జీతం ఎందుకు తక్కువ ఇస్తున్నారో అందరికంటే బాగా తెలిసిన మనిషి కమిషన్‌లో ఉండటం ఎంత మంచిదని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

మొదటి సిట్టింగులో పెద్దలిఫ్టుని పిలిచి, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు మైకు పెట్టారు. "కూర్చోండి, పెద్దలిఫ్టుగారూ" అన్నాడు ప్రొఫెసర్. పేరు చివర 'గారు' తగలగానే ఆయన వెన్ను దానంతటదే నిటారైంది.

"మీరు రోజూ చేసే పనేమిటో వివరంగా చెప్పండి."

"బటన్ నొక్కుతానండీ."

ప్రొఫెసర్ కలం గాల్లో ఆగింది. "అంతేనా?"

అంతే. ఇంట్లో ఇచ్చిన మాట ప్రకారం 'అంతేనండీ, మా బావమరిది కూడా అంతే' అనేస్తే అక్కడితో అయిపోయేది. కానీ ఆ 'అంతేనా' ఆయన ఛాతీలో ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్ల సర్వీసు, ఎర్ర తివాచీ, తల మీది టోపీ... అంతేనా?

"అంతే అంటే... నొక్కడంలో చాలా ఉందండీ" అన్నాడు. అని, ఏముందో తనే ఆలోచించుకున్నాడు. "మంత్రిగారు లోపలికి రాగానే ఆయన గొంతు సవరించుకుంటారు. ఒకసారి సవరిస్తే సంతోషం. రెండుసార్లయితే కోపం. కోపమొచ్చిన రోజు తలుపు నింపాదిగా వేసి, నింపాదిగా నొక్కుతానండీ. నాలుగో అంతస్తు చేరేలోపు సగం చల్లారతారు. ఆ మిగతా సగమే కార్యదర్శిగారి మీద పడుతుంది."

కార్యదర్శిగారు తలెత్తి, కృతజ్ఞత నిండిన కళ్లతో ఆయన వైపు చూశారు.

"హ్యూమన్ క్యాపిటల్!" అన్నాడు ప్రొఫెసర్, గబగబా రాసుకుంటూ. "అనుభవమే పెట్టుబడి. ఇంకా?"

ఇక ఆగలేదు. ఎవరు ఎక్కాక తలుపు వెయ్యాలో, ఎవరు ఎక్కకముందే వెయ్యాలో చెప్పాడు. లిఫ్టులో విన్నది లిఫ్టులోనే మర్చిపోవడం ఎంత సాధన మీద వస్తుందో చెప్పాడు. మంత్రిగారి ప్రాణం తన చూపుడు వేలి మీద ఉంటుందని చెబుతూ ఆ వేలు ఎత్తి చూపించాడు. కమిషన్ మొత్తం ఆ వేలి వైపు గౌరవంగా చూసింది. తనలో ఇంత విషయముందని పెద్దలిఫ్టుకి కూడా అప్పుడే తెలిసింది.

"మరి చిన్న లిఫ్టు పనో?"

"అదేముందండీ" అన్నాడు పెద్దలిఫ్టు. "ఎవరైనా చేస్తారు."

ఆ మాట అన్నాక గానీ గమనించలేదు, తలుపు ఓరగా తీసి ఉంది. బయట బెంచీ మీద, తన వంతు కోసం, బావమరిది కూర్చుని ఉన్నాడు.

కాంట్రాక్టరు గొంతు కలిపాడు. "నేను చెప్పేదీ అదే సార్. ఈయన మంత్రుల్ని మోస్తాడు, మావాడు మామూలు మనుషుల్ని మోస్తాడు. బరువులో తేడా లేదూ? ఇంకోటి, మంత్రిగారు పొద్దున పైకెళ్లడమే ముఖ్యం. మా లిఫ్టులో సాయంత్రం అందరూ దిగిపోయేవాళ్లే. దిగడానికి కష్టమేముంది, అదే వస్తుంది."

ప్రొఫెసర్ అదీ రాసుకున్నాడు.

బావమరిదికి చేతుల్లేని కుర్చీ వేశారు.

"మీ పనేమిటి?"

"బటన్ నొక్కుతానండీ."

"ఇంకా?"

"తలుపు వేస్తాను. తీస్తాను. మా బావ టీకి వెళ్లినప్పుడు పెద్ద లిఫ్టు కూడా చూస్తానండీ."

ప్రొఫెసర్ కళ్లు మెరిశాయి. "అంటే ఒక్కరే రెండు లిఫ్టులు నడపగలరా?"

"నడుపుతానండీ."

"అంటే ఒక్కో లిఫ్టుకి మీ శ్రమలో సగమే అందుతున్నట్టు. జీతం తక్కువ కావడానికి ఇదొక కారణం" అని ప్రొఫెసర్ కింద గీత గీసుకున్నాడు. "సరే, ఇక్కడ తక్కువిస్తున్నారు గదా, ఎక్కువిచ్చే ఇంకో లిఫ్టుకి వెళ్లిపోవచ్చుగా? మార్కెట్ అంటే అదే."

"ఊళ్లో లిఫ్టులన్నీ వీరివేనండీ" అని బావమరిది కాంట్రాక్టరు వైపు చూపించాడు.

కాంట్రాక్టరు వినయంగా తల వంచాడు. "ఏదో, అందరి ఆదరణ."

"పోనీ, చేరేటప్పుడు బేరమాడలేదా?"

"ఆడానండీ. నువ్వు కాకపోతే బయట ఇంకా చాలామంది ఉన్నారన్నారు."

"ఉన్నారా?"

"తలుపు వేసి ఉందండీ. కనపడలేదు."

కాంట్రాక్టరు దగ్గాడు. ప్రొఫెసర్ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, విషయం చాలా లోతైనదనీ, ఇంకా చాలా సిట్టింగులు కావాలనీ తేల్చాడు. ముందుగా శాస్త్రీయ ప్రయోగం జరగాలి. ఇద్దరూ కొన్నాళ్లు లిఫ్టులు మార్చుకోవాలి. జీతాలు మాత్రం మార్చకూడదు, మారిస్తే ప్రయోగం పాడవుతుంది.

మెట్ల దగ్గర బావమరిది ఎదురయ్యాడు.

"బావా, టీ తాగుదామా?" అన్నాడు బావమరిది.

తిట్టినా బాగుండేది. టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

ఇంటికెళ్లగానే భార్య అడగనే అడిగింది. "ఏం చెప్పారు?"

పెద్దలిఫ్టు చెప్పులు విప్పే మిషతో వంగాడు. ముందు గదిలోంచి బావమరిదే జవాబిచ్చాడు. "బావ చాలా బాగా మాట్లాడాడక్కా. ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నారు."

"నాకు తెలుసు" అంది ఆవిడ, భర్త వైపు మురిపెంగా చూస్తూ. ఆ చూపు తగలకుండా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ప్రయోగం మొదలైంది. పెద్దలిఫ్టు చిన్న లిఫ్టులోకి వెళ్లి ముందు స్టూలు కోసం వెతికాడు. లేదు. కాంట్రాక్టులో స్టూలు రాయలేదట. అద్దం లేదు, ఫ్యాను లేదు, బల్బు ఉంది గానీ వెలగాలో వద్దో ఇంకా నిర్ణయించుకోలేదు. ఎనిమిది మంది ఎక్కాల్సిన చోట పదముగ్గురు ఎక్కారు. పధ్నాలుగో వాడు ఫైళ్ల బండి తోసుకుంటూ వచ్చి, దాని చక్రం ఆయన కాలి బొటనవేలి మీద నిలిపి, "జరుగు" అన్నాడు.

మంత్రిగారి పీఏ ఎక్కాడు. రోజూ "ఏం పెద్దలిఫ్టుగారూ, కులాసానా?" అని భుజం తట్టే మనిషి. ఆ రోజు ఫోనులో మాట్లాడుతూ, "ఏయ్, రెండు!" అన్నాడు. పెద్దలిఫ్టు పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. పీఏ ఆ నవ్వుని చూశాడు గానీ, అది ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. ఇన్నేళ్లూ ఆయన కులాసా అడిగింది తివాచీనన్నమాట.

తర్వాత లిఫ్టు రెండుకీ మూడుకీ మధ్య ఆగిపోయింది. లోపలున్న వాళ్లంతా లిఫ్టు కంపెనీని వదిలేసి పెద్దలిఫ్టుని తిట్టారు. ఆయన తన చూపుడు వేలితో, కమిషన్ సాక్షాత్తూ గౌరవించిన ఆ వేలితో, అన్ని బటన్లూ వరసగా నొక్కాడు. లిఫ్టుకి ఆ వేలి విలువ తెలియలేదు. సాయంత్రానికి ఆయన కాళ్లు మొద్దుల్లా అయ్యాయి.

టీ దగ్గర బావమరిది కనిపించాడు. టోపీ పెట్టుకుని, మొహం కడుక్కున్నట్టు తాజాగా ఉన్నాడు.

"ఏరా, సార్ నా గురించి అడిగారా?"

"అడిగారు బావా. 'ఏమయ్యా, ఎలా ఉంది?' అన్నారు."

"నా గురించేనా?"

బావమరిది ఇబ్బందిగా కప్పులోకి చూశాడు. "నన్ను నువ్వే అనుకున్నారు బావా."

"మరి నువ్వేమన్నావు?"

"మీ దయ సార్ అన్నాను."

పెద్దలిఫ్టు టీ చల్లారిపోయింది. ఏళ్ల తరబడి ఆ మాట తాను తప్ప ఇంకెవరూ అంత చక్కగా అనలేరని అనుకున్నాడు. కోపమొచ్చిన రోజు నింపాదిగా నొక్కితే చల్లారే మంత్రిగారు, పక్కన నిలబడ్డ మనిషే మారిపోయాడని కనిపెట్టలేదు.

వారం తిరిగేసరికి ఇంకో సంగతి జరిగింది. పెద్దలిఫ్టు చిన్న లిఫ్టు తలుపు తీసి, ఎదురుగా ఆగి ఉన్న పెద్ద లిఫ్టులోకి చూశాడు. మెత్త వేసిన స్టూలు మీద బావమరిది గడ్డం గుండెకి ఆనించి నిద్రపోతున్నాడు. టోపీ ముక్కు మీదికి జారింది. చిన్నగా గురక కూడా పెడుతున్నాడు. వెనక అద్దంలో ఇంకో బావమరిది నిద్రపోతున్నాడు. రోజంతా చెమటోడ్చే ఆ మనిషి అలా కూర్చోవడం పెద్దలిఫ్టు ఎన్నడూ చూడలేదు. అచ్చం తనలాగే ఉన్నాడు. పోలిక ఎంత బాగా కుదిరిందంటే, ఫైళ్ల బండి కాలి మీద ఉన్నా ఆయనకి నవ్వొచ్చింది. 'నా హ్యూమన్ క్యాపిటల్ అంతా ఆ స్టూల్లో ఉందన్నమాట' అనుకుని పైకే నవ్వాడు. లిఫ్టులో ఉన్న వాళ్లు వెనక్కి జరిగారు.

ఆ మధ్యాహ్నమే ప్రొఫెసర్ గదికి వెళ్లాడు.

"సార్, నేను చెప్పింది మార్చుకుంటాను."

"వాఙ్మూలం మార్చాలంటే మళ్లీ సిట్టింగు పెట్టాలే" అన్నాడు ప్రొఫెసర్. అని, మొహం వెలిగి, "పెడదాం! తప్పకుండా పెడదాం! సిట్టింగుకి ఇంతని ఇస్తారు నాకు" అన్నాడు.

"అదేమిటండీ, మీరు ప్రొఫెసరు గదా?"

ప్రొఫెసర్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "కాలేజీలో నేను గంటల లెక్కన పాఠాలు చెబుతాను. సెలవులొస్తే గంటలుండవు. పక్క క్లాసులో ఇంకో ఆయన ఇదే పాఠం చెబుతాడు. ఆయన పర్మనెంటు."

"బాగా చెబుతారా?"

"నోట్సు నేనే రాసిస్తాను."

గోడ అవతల చిన్న లిఫ్టు ఎక్కడో ఆగిపోయి, ఎవరో తలుపు బాదుతున్నారు.

రెండో వాఙ్మూలం నాటికి ప్రయోగం ముగిసి ఎవరి లిఫ్టుకి వాళ్లు వచ్చేశారు. ఆ రోజు పెద్దలిఫ్టు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బావమరిదిని కూడా లోపలే కూర్చోబెట్టమని అడిగాడు.

"నేను ఆ రోజు చెప్పిందంతా గాలి కబుర్లండీ. మంత్రిగారు గొంతు సవరించుకునేది జలుబుకి. మా ఇద్దరిదీ ఒకే పని. కష్టమనేది ఉంటే అది వాడి వైపే ఉంది. నేను వచ్చినప్పుడు తలుపు తీసి ఉంది, వాడు వచ్చేసరికి వేసేశారు. వేరే తేడా ఏమీ లేదు."

"మరి జీతాలు?" అన్నాడు కాంట్రాక్టరు, ఆయన వైపు ఆసక్తిగా వంగి.

"ఒకే పనికి ఒకే జీతం ఉండాలి. మంత్రిగారు చెప్పిందే నేనూ చెబుతున్నాను."

"ఇది మీ సొంత కోరికేనా? ఎవరి బలవంతమూ లేదు గదా?"

"నా సొంత కోరికేనండీ."

కాంట్రాక్టరు కలం మూత తీసి మరీ అందించాడు. పెద్దలిఫ్టు సంతకం పెట్టాడు. జన్మలో మొదటిసారి ఆయనకి తన వేలి మీద నిజంగా గౌరవం కలిగింది. మెట్లు దిగుతుంటే బావమరిది బావ చేతిలోని క్యారేజీ తనే అందుకుని మోశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పండగలా ఉంది. భార్యకి మొదటి వాఙ్మూలం సంగతి కూడా చెప్పేశాడు. ఆవిడ కోపం తెచ్చుకోబోయి, రెండోది విని ఊరుకుంది. బావమరిది భార్య కొత్త ఇంట్లో కుట్టుమిషను ఎక్కడ పెట్టుకోవాలో ఊహించసాగింది. భార్య ముందు గది కిటికీకి చీర చెంగు అడ్డంపెట్టి, పరదాకి ఎంత గుడ్డ కావాలో చూసుకుంది. పెద్దలిఫ్టు కుర్చీ ఎక్కడ వేసుకుని కాలు మీద కాలు వేసుకోవాలో నిర్ణయించుకున్నాడు.

నివేదిక సమర్పించే రోజు హాలు కిక్కిరిసింది. ముందు వరసలో రెండు కుటుంబాలకీ కుర్చీలు వేశారు. చిన్నలిఫ్టు కూతురు ఉతికిన గౌను వేసుకుని కూర్చుంది. మంత్రిగారు నివేదికని నెత్తి మీదికెత్తి కెమెరాలకి చూపించారు.

"మిత్రులారా! ఎన్నో దేశాల్లో ఎందరో మేధావులు తేల్చలేని విషయాన్ని మన కమిషన్ తేల్చింది. ఒకే పనికి రెండు జీతాలు అన్యాయం! ఈ మాట నేనన్నది కాదు. ఈ భవనంలో ఏళ్లుగా సేవ చేస్తున్న ఒక మహామనిషి తన సొంత కోరికతో, ఎవరి బలవంతమూ లేకుండా, సంతకం పెట్టి మరీ అన్నాడు. పైకి రావయ్యా!"

పెద్దలిఫ్టు వేదికెక్కాడు. మంత్రిగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి.

"ఈయన కోరికని నేను మన్నిస్తున్నాను. ఈ రోజు నుంచి పెద్ద లిఫ్టుకీ చిన్న లిఫ్టుకీ తేడా లేదు. తన బావమరిది తీసుకునే జీతమే ఈయనా తీసుకుంటాడు! ఆ కాంట్రాక్టరు ద్వారానే తీసుకుంటాడు! ఇంతటి త్యాగం చూశారా ఎక్కడైనా?"

హాలు దద్దరిల్లింది. పెద్దలిఫ్టు కూడా చప్పట్లు కొట్టాడు. గట్టిగానే కొట్టాడు. ఆ మాటలకి అర్థం చప్పట్లు అయిపోయాక మెల్లగా వచ్చి తాకింది. ముందు వరసలో ఆయన భార్య రెండు చేతులూ చప్పట్ల మధ్యలో ఆపేసి, అలాగే ఉంచుకుని కూర్చుంది. ఆవిడ పక్కన బావమరిది తల దించుకున్నాడు. కాంట్రాక్టరు వేదిక మీదికొచ్చి, తన కొత్త ఉద్యోగిని కావలించుకున్నాడు.

పత్రికలన్నీ మర్నాడు ఆ ఫొటోనే వేశాయి. అందులో పెద్దలిఫ్టు నవ్వుతూ ఉన్నాడు. ఆ నవ్వు ఎప్పటిదో ఆయనకి గుర్తులేదు.

రాత్రి భోజనాల దగ్గర ఇల్లు మారే మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఉన్న ఇంటి అద్దెకి ఇద్దరూ కలిస్తే సరిపోతుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న. భార్య కంచంలో చెయ్యి పెట్టి మెతుకులు ఏరుతూ కూర్చుంది.

"నేనే చెప్పమన్నాను" అంది చివరికి.

"నేనూ చెప్పానులే. అందులో నీ తప్పేముంది? మొదటిసారి అబద్ధం చెప్పినప్పుడు ఎంత తెలివిగా మాట్లాడానో నీకు తెలీదు."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు కళ్లకి అద్దుకుంది. తర్వాత అడిగింది. "ఏవండీ, తమ్ముడికి పెరగలేదు. మీకు తగ్గింది. మరి ఆ తగ్గింది ఎవరికి పెరిగినట్టు?"

పెద్దలిఫ్టు ఆలోచించాడు. బావమరిది కూడా ఆలోచించాడు. బావమరిది భార్య కుట్టుమిషను తొక్కడం ఆపి మరీ ఆలోచించింది. ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున ప్రొఫెసర్ పెద్ద లిఫ్టెక్కాడు. కొత్త కోటు, కొత్త బూట్లు, చంకలో కొత్త తోలు సంచి. అద్దంలో చూసుకుని జుట్టు సవరించుకున్నాడు.

"ఏ ఫ్లోరు సార్?"

"అయిదు. ఇక రోజూ అయిదే!" అన్నాడు ప్రొఫెసర్. ఆనందం ఆపుకోలేకపోతున్నాడు. "కమిషన్‌ని పర్మనెంటు చేశారు. నన్ను కూడా."

పెద్దలిఫ్టు అయిదు నొక్కాడు. లిఫ్టు కదిలింది.

"పని మాత్రం చాలా ఉంది" అన్నాడు ప్రొఫెసర్, కాస్త దగ్గరికి జరిగి. "ఇంత పెద్ద భవనంలో ఇంకా ఎన్ని తేడాలున్నాయో! మంత్రిగారు అన్నీ తీసేద్దామంటున్నారు. మూడో అంతస్తులో పక్కపక్క బల్లల మీద ఇద్దరు టైపిస్టులున్నారట గదా. ఒకావిడ పర్మనెంటు, ఒకావిడ కాంట్రాక్టు. మీకు ఇక్కడ అందరూ తెలుసు. నిజాయితీగా చెప్పండి, ఇద్దరిదీ ఒకే పనేనా?"

లిఫ్టు రెండో అంతస్తు దాటింది. పెద్దలిఫ్టుకి ఆ ఇద్దరూ తెలుసు. ఒకే కాగితాల కట్టని చెరి సగం పంచుకుంటారు. ఒకావిడకి తలనొప్పి వస్తే రెండో ఆవిడ రెండు సగాలూ కొట్టి పెడుతుంది.

"ఎంత మాటండీ! ఆ ఇద్దరికీ పోలికే లేదు" అన్నాడు. "పర్మనెంటు ఆవిడ కూర్చునేది కిటికీ పక్కన. కిటికీ అంటే గాలి. గాలంటే కాగితాలు ఎగరడం. ఎగిరే కాగితాన్ని మోచేత్తో అదిమిపట్టి, అక్షరం పొల్లుపోకుండా టైపు కొట్టాలంటే ఎన్నేళ్ల సాధన కావాలో మీరే చెప్పండి..."

ప్రొఫెసర్ సంచిలోంచి కలం తీశాడు. అయిదో అంతస్తు వచ్చింది. పెద్దలిఫ్టు తలుపు తియ్యకుండా చెబుతూనే ఉన్నాడు.